మంచి పీతల హోటల్ ఎక్కడుంది భాయ్?

మా ఖాందాన్ వాట్సప్ గ్రూపులో పదిహేను రోజులుగా లడాయి నడుస్తోంది. లడాయికి కారణం ఒక ఫోటో. అందులో మా అమ్మీ, డెబ్బై మూడేళ్ల మనిషి, స్టీలు పళ్లెం ముందు కూర్చుని పీత డెక్కను పళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతోంది. కొంగు తల మీంచి జారిపోయింది, ఆమెకు ఆ ఖయాలే లేదు. ఫోటో తీసింది నా కొడుకు. గ్రూపులో వేసిందీ వాడే. కింద 'దాదీ ఫుల్ ఖుష్' అని రాసి నవ్వే బొమ్మలు నాలుగు పెట్టాడు.

పది నిమిషాల్లో మా ఆపా మెసేజ్ వచ్చింది. "ఇస్ ఉమర్ మే అమ్మీకూ హరామ్ ఖిలారా? కుచ్ శరమ్ హై?" తర్వాత దుల్హాభాయ్ మూడు బయాన్ వీడియోలు పంపాడు. మా చిచ్చా కొడుకు ఒకడు కేరళలో దిగిన ఫోటో పెట్టి, 'అక్కడ హాజీ సాబులే తింటున్నారు' అన్నాడు. దాంతో ఇంకా మండింది. ఇద్దరు గ్రూపు వదిలిపోయారు. నేను ఒక్క మాట కూడా రాయలేదు. గ్రూపులో జవాబిస్తే అది జవాబుగా ఉండదు, ఇంకో లడాయి అవుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఇంటి ఒక్కదాని సంగతి కాదని నాకు తెలుసు. ఇది చదివే ఎన్నో ఇళ్లలో దస్తర్‌ఖాన్ మీద ఇదే పంచాయితీ జరిగే ఉంటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పీత తినను. మాది హనఫీ ఇల్లు, చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు, ఇప్పుడు చేసుకోవాలనీ లేదు. అయినా అమ్మీ కోసం మంచి పీతల హోటల్ వెతికాను. వెతకడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు. రేపు మళ్లీ అడిగితే మళ్లీ వెతుకుతాను. ఎలా వెతకాలో కూడా ఇప్పుడు నాకు బాగానే తెలుసు. తినేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి అదీ చెప్తాను.

అమ్మీ సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా అబ్బా వైపు వాళ్లది నల్గొండ. ఇంట్లో ఉర్దూ, బడి ఉర్దూ, నాకూ పదో తరగతి దాకా ఉర్దూ మీడియమే. అమ్మీ పుట్టిల్లు మాత్రం బాపట్ల వైపు, నిజాంపట్నానికి దగ్గర్లో ఒక ఊరు. వాళ్లు నూర్‌బాషాలు. మా నానా పత్తి ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అమ్మీ తన అమ్మను 'అమ్మా' అనే పిలిచేది. నాకు 'అమ్మీ' అయింది మా నాన్న ఇంటికొచ్చాకే. ఆ ఊళ్లో చుట్టూ ఉన్నవాళ్లు సముద్రంలోకి, మడ అడవుల్లోకి వేటకు పోయేవాళ్లు. పరుపు కుట్టిన కూలీకి బదులు ఒక్కోసారి బుట్టెడు పీతలు వచ్చేవి. వాళ్ల మసీదులో మౌల్వీ సాబ్ రంజాన్‌కు మాత్రమే వచ్చేవాడట. ఏ మస్‌లక్‌లో ఏది జాయెజ్ అని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, వాళ్లు అడగనూ లేదు.

నికా అయిన మొదటి ఏడు మా పెద్ద మామూ చెల్లెలిని చూడటానికి నల్గొండ వచ్చాడు. ఉత్త చేతులతో ఎలా వస్తాడు? తడి గోనెసంచిలో మండ పీతలు కట్టుకుని, గుంటూరు నుంచి బస్సులో, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని, దారిలో రెండు చోట్ల దిగి నీళ్లు చల్లుకుంటూ తెచ్చాడు. మా దాదీ సంచి విప్పి చూసింది. 'యే క్యా కీడే' అంది. సంచి తీసుకెళ్లి నాలాలో పడేయించింది. సంచి పెట్టిన జాగాను మూడుసార్లు కడిగించింది. పీతలు బతికే ఉన్నాయి కదా, నాలాలోంచి ఎక్కి మొహల్లా అంతా తిరిగాయట. పిల్లలు రాళ్లు పట్టుకుని వాటి వెంట పడ్డారట. మామూ అన్నం తినకుండా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. అమ్మీకి మొహల్లాలో ఒక పేరు మిగిలింది, 'కేకడే వాలీ బహూ'.

ఈ కథ అమ్మీ మాకు ఎప్పుడూ చెప్పలేదు. పోయిన చలికాలంలో మామూ మనవడి షాదీకి బాపట్ల వెళ్తే, మంచం మీంచి లేవలేని మామూ నవ్వుకుంటూ చెప్పాడు. అమ్మీ నవ్వలేదు. యాభై ఏళ్లు మా ఇంట్లో ఆ వస్తువు పేరు కూడా ఎత్తలేదు ఆమె.

ఆ రాత్రి లాడ్జిలో ఇషా చదువుకున్నాక, జానమాజ్ మడత పెడుతూ అడిగింది. "ఇక్కడ పీతలు దొరుకుతాయేంట్రా?"

మామూలుగా నన్ను 'బేటా' అంటుంది. 'రా' అనడం నేను అదే మొదటిసారి వినడం. ఆ ఊరి గాలికి ఆమె పాత జుబాన్ తిరిగొచ్చినట్టుంది. అబ్బా పోయి నాలుగేళ్లు. దాదీ పోయి ఇరవై ఏళ్లు దాటింది. అడగడానికి అమ్మీకి ఇన్నాళ్లు పట్టింది.

ఇక వెతుకులాట మొదలు. ఇరవై ఏళ్లుగా అఖ్బార్లో పని చేస్తున్నాను, ఎక్కడ ఏం దొరుకుతుందో కనుక్కోవడం నా రోజీ. అయినా మొదట పెద్ద బేవకూఫ్ పని చేశాను. హైవే మీద ఏసీ హోటల్‌కు తీసుకెళ్లాను. గేటు మీద ఆటో అంత పీత బొమ్మ, ఎర్రటి లైట్లు. "బతికినవేనా?" అంటే సర్వర్ "ఫ్రెష్ సార్" అన్నాడు. నేను అడిగింది ఒకటి, అతను చెప్పింది ఒకటి. అక్కడే లేచి రావాల్సింది. మసాలాలో మునిగిపోయిన పీత వచ్చింది. అమ్మీ ఒక కాలు విరిచింది. లోపల కండ తడిసిన దూదిలా ఉంది, వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పళ్లెంలో వదిలేసింది. "ఇది చచ్చాక వండారు" అంది. అంతే. పెరుగన్నం తిని వచ్చాం. బిల్లు సంగతి వదిలేయండి.

రెండో చోటు లాడ్జి కుర్రాడు చెప్పాడు. అక్కడ పీతల ఇగురు నిజంగానే బాగుంటుందట, ఎవరిని అడిగినా చెప్పారు. పోతే అది బార్ అండ్ రెస్టారెంట్. అమ్మీ కారు దిగలేదు. మన ఫ్యామిలీలకు ఇది అసలైన ముష్కిల్. సముద్రం ఒడ్డున ఎక్కడికి పోయినా మంచి పీత వండేవాడు చాలాసార్లు మందు పక్కనే ఉంటాడు. కేరళలో కల్లు షాపుల పీతలకు ఎంత పేరో తెలిసిందే. పీత కరకర కొరుక్కుంటూ గంట సేపు కూర్చునే తిండి, తాగేవాళ్లకు అది జోడీ. 'ఫ్యామిలీ రూమ్ ఉంది మేడమ్' అంటారు. ఆ రూముకు దారి బార్ లోంచే ఉంటుంది.

మూడో రోజు పొద్దున ఫజర్ కాగానే నిజాంపట్నం హార్బర్‌కు పోయాం. పాత కితాబుల్లో దీన్ని పేటపోలి అన్నారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ల గ్లోబ్ ఓడ 1611లో ఈ రేవుకు వచ్చాకే మచిలీపట్నం వెళ్లింది. ఇప్పుడు అక్కడ బోట్లు, ఐసు, డీజిల్ వాసన. ఒక ఆటో అతను టీ తాగుతున్నాడు. "అన్నా, ఇక్కడ పీతల హోటల్ ఏది మంచిది" అని నేను అడగలేదు. అలా అడిగితే కమీషన్ వచ్చే చోటు చెప్తారు. "మీ ఇంటికి చుట్టాలొస్తే పీతలు ఎక్కడ కొంటారు, ఎవరితో వండిస్తారు?" అని అడిగాను. అతను కాసేపు ఆలోచించాడు. ఆలోచించాడంటే నిజం చెప్తున్నాడని నా తజ్రుబా. ఒక షెడ్డు చూపించాడు.

అది పీతలు కొని పంపే వాళ్ల షెడ్డు. మడ అడవుల కాలవల్లోంచి, చెరువుల్లోంచి మండ పీతలు అక్కడికి వస్తాయి. డెక్కలు తాడుతో కట్టేసి ఉంటాయి, లేకపోతే వేలు తెగుతుంది. బరువును బట్టి వేరు చేస్తారు. పెద్దవి, కండ నిండినవి చెన్నై పోతాయి. అక్కడి నుంచి విమానంలో సింగపూర్, మలేషియా, చైనా. మన ఒడ్డున పట్టిన మంచి పీత మన హోటల్లో ఎందుకు దొరకదో ఆ షెడ్డులో నిలబడితే సమజ్ అయిపోతుంది. శ్రీలంకలోనూ ఇదే కథ. అక్కడి పెద్ద పీతలన్నీ సింగపూర్ పోతుంటే, వాటిని కొలంబోలోనే పెడదామని 2011లో మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్ తెరిచారు. అందులో జయవర్ధనే, సంగక్కర భాగస్వాములు. మన తీరంలో అలాంటి ఆలోచన ఉన్న క్రికెటర్ ఇంకా పుట్టలేదు.

ఆ షెడ్డులో అమ్మీని చూడాలి. మోకాళ్ల నొప్పులని ఇంట్లో మెట్లు ఎక్కదు. అక్కడ బుట్ట దగ్గర గొంతుక్కూర్చుంది. ఒక్కో పీతను వెనక నుంచి పట్టుకుని తిప్పి చూస్తోంది. పొట్ట కింద మూత సన్నగా, కోణంగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. డెక్కల కండ కావాలంటే మగది, గుడ్డు కావాలంటే ఆడది. కాలి మొదట్లో బొటనవేలితో నొక్కింది. గట్టిగా ఉంటే లోపల నిండుగా ఉన్నట్టు, లోపలికి పోతే గుల్ల. కొత్తగా పెంకు మార్చుకున్న పీత చూపుకు పెద్దగా ఉంటుంది, లోపల నీళ్లే. హైవే హోటల్ వాడు మనకు అమ్మేది అదే. రెండు పీతలు ఒకే సైజులో ఉంటే చేతికి బరువు తగిలేది తీసుకోవాలి. "అమావాస్యకి నిండుతాయి, పున్నానికి గుల్లవుతాయి" అని కూడా అంది. అది ఒడ్డున అందరూ చెప్పుకునే మాట. షెడ్డులో కుర్రాడు "ఈ మామ్మకి అన్నీ తెలుసే" అన్నాడు. అమ్మీ మొహం చూడాల్సింది.

నాలుగు తీసుకున్నాం. ధర రాయను, రాస్తే ఆపా దాని మీద వేరే లడాయి పెడుతుంది. ఒక్క మాట మాత్రం చెప్తాను, తూకానికి ముందు తాడు, బురద ఎంత ఉందో చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో ఏ హోటలైనా 'ఇవాళే పట్టిన సముద్రం పీత' అంటే అది ఐసు పెట్టెలోంచి వచ్చిందో, ఏ చిన్న నాటు పడవ వేసిన వలలోంచి వచ్చిందో అడగండి. కాలవ, చెరువు పీతలు అయితే అప్పుడూ దొరుకుతాయి. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని బీచ్‌కు పోయే మనవాళ్లు సరిగ్గా ఆ రెండు నెలల్లోనే పోతారు. తిని వచ్చాక కడుపు పట్టుకుని, 'అందుకే మన మజ్‌హబ్‌లో మనా చేశారు' అంటారు. లేదు భాయ్, అది చచ్చిన పీత వల్ల వచ్చిన కడుపునొప్పి.

షెడ్డు వాళ్లే ఒక ఇల్లు చూపించారు. బోర్డు లేదు. రేకుల పందిరి కింద నాలుగు బల్లలు. మనం తెచ్చింది వండి పెడతారు, అన్నం వాళ్లది, కూలీ వాళ్లది. ఆ ఇంటావిడ అమ్మీ బురఖా చూసింది, సంచి చూసింది. "మీ సాయిబుల్లో కొందరు పీత తినరు కదండీ" అంది. "నేను తింటానమ్మా, వీడు తినడు" అంది అమ్మీ. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాకు వేరే పెనం తీసి, వేరే నూనె పోసి చందువ వేయించింది. ఇంత తేలిక. మా గ్రూపులో పదిహేను రోజుల్లో తెగనిది ఆవిడ రెండో పెనంతో తెంపేసింది. ఒకే బల్ల మీద తినేవాళ్లు, తినని వాళ్లు ఉంటే ముందే అడిగి పెట్టుకోండి, వేరే పెనం, వేరే గరిటె. ఎవరూ బురా అనుకోరు. మనమే అడగడానికి శరమ్ పడతాం.

పీతలు శుభ్రం చేసే పని అమ్మీ తీసుకుంది. ఆవిడ వద్దన్నా వినలేదు. పైడిప్ప ఒక్క గుంజుతో లేపింది. లోపల రెండు పక్కలా దువ్వెన పళ్లలా బూడిద రంగు మొప్పలు ఉన్నాయి. వాటిని గోటితో గీకి తీసి పడేసింది. "ఇవి తినకూడదు, మిగతాదంతా తినొచ్చు" అని నా కొడుక్కి చెప్పింది.

ఆ మొప్పలు చూస్తే నాకు ఇండోనేషియా ఫత్వా యాద్‌కొచ్చింది. ఎప్పుడో ఒక వ్యాసం కోసం చదివాను. అక్కడి ఉలమా కౌన్సిల్ 2002లో పీత మీద ఫత్వా ఇచ్చింది. అక్కడ ఎక్కువ మంది షాఫయీలు. షాఫయీ ఫిఖ్‌లో సముద్ర జీవులు హలాలే గానీ, నేల మీదా నీళ్లలోనూ రెండు చోట్లా బతికే వాటికి పాత కితాబుల్లో మనాయీ ఉంది. ఇమామ్ నవవీ కితాబులో ఆ వరసలో కప్పతో పాటు పీత పేరు కూడా ఉంది. అంటే షాఫయీ అయినంత మాత్రాన మసలా తేలిపోలేదు. మరి ఇండోనేషియా ఉలమా ఏం చేశారు? జీవశాస్త్రం తెలిసిన ప్రొఫెసర్‌ను పిలిచి అడిగారు. పీత మొప్పలతో ఊపిరి తీస్తుంది, నీళ్లలోనే గుడ్లు వదులుతుంది, నీళ్లు లేకుండా బతకదు అని ఆయన చెప్పాడు. అందులో మన మండ పీత జాతులూ ఉన్నాయి. అప్పుడు అది నీటి జీవి, ఒంటికి చెరుపు చేయనంత వరకు హలాల్ అన్నారు. అమ్మీ గోటితో గీకి పారేసిన ఆ బూడిద రంగు ముక్క ఆ ఫత్వాకు సబూత్.

హనఫీ రాయ్ వేరు. నీళ్లలో బతికే వాటిలో చేప ఒక్కటే హలాల్, పీత చేప కాదు కాబట్టి జాయెజ్ కాదు. దాన్ని మార్చమనే హక్కు నాకు లేదు, మార్చమనడమూ లేదు. సూరె మాయిదా 96వ ఆయత్ ఇద్దరూ చదువుతారు. సముద్రపు వేట గురించిన ఆ ఆయత్‌లో ముసాఫిర్ల మాట కూడా ఉంది. ఆ వేట అంటే చేపే అని హనఫీలు అర్థం చేసుకున్నారు, సముద్రంలో ఉన్నదంతా అని మిగతావాళ్లు. మాలికీల దగ్గర ఇంకా వెడల్పు. వందల ఏళ్లుగా పెద్ద పెద్ద ఆలిమ్‌లు ఇఖ్తిలాఫ్ పెట్టుకుని కూడా ఒకరి వెనక ఒకరు నమాజ్ చదివారు. మేం గ్రూపు వదిలి పోతున్నాం.

ఇక ఝింగా సంగతి. ఆపా ఝింగా బిర్యానీకి మా ఖాందాన్‌లో సాటి లేదు, నేనూ రెండు పళ్లేలు లాగిస్తాను. కానీ హనఫీ ఉలమాలోనే ఝింగా చేపా కాదా అన్న దాని మీద ఇఖ్తిలాఫ్ ఉంది. అరబ్బులు దాన్ని చేపగానే లెక్కించారని ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు, ఒప్పుకోని వాళ్లు ఉన్నారు. సైన్సు వాళ్లను అడిగితే రొయ్య, పీత రెండూ పది కాళ్ల జీవులు, ఒకే ఖాందాన్. ఝింగా దగ్గర మనం 'ఇఖ్తిలాఫ్ ఉంది లే' అని బిర్యానీ వడ్డించుకుంటాం. పీత దగ్గర 'ఛీ' అంటాం. ఆ 'ఛీ' ఫిఖ్ కితాబులోంచి వచ్చింది కాదు.

ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ ఇంట్లోనే పెరిగాను కదా. మా దాదీ 'కీడే' అన్నప్పుడు ఆమె మనసులో ఏ ఇమామ్ లేడు. పరుపులు కుట్టేవాళ్ల పిల్ల, తెలుగు మాట్లాడే పిల్ల, 'అమ్మా' అని పిలిచే పిల్ల ఉంది. అమ్మీ ఉర్దూ తలఫ్ఫుజ్ మీద నవ్వారు, కట్టు మీద నవ్వారు, చివరికి తిండి మీద నవ్వారు. తిండి మీద నవ్వడం తేలిక, దానికి దీన్ అడ్డం పెట్టుకోవచ్చు. దాదీకి మసలా తెలిస్తే మెల్లగా చెప్పొచ్చు, 'బహూ, మన మస్‌లక్‌లో ఇది లేదు' అని. మామూకు అన్నం పెట్టి పంపొచ్చు. ఇంటికొచ్చిన మెహమాన్ ఆకలితో వెళ్లిపోవడం ఏ మస్‌లక్‌లో జాయెజ్? ఇది దాదీ మీద ఫిర్యాదు కాదు. ఆమె నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అలిఫ్ బే నేర్పింది, అల్లా ఆమెకు మగ్‌ఫిరత్ ప్రసాదించాలి. కానీ ఆ సంచి నాలాలో పడేసిన రోజును దీన్ ఖాతాలో రాయడానికి నేను తయారుగా లేను.

కొన్నేళ్ల కింద పని మీద కోజికోడ్ పోయాను. అసర్ చదివి మసీదు పక్క హోటల్లో కూర్చుంటే, ఎదుటి బల్ల మీద తెల్ల టోపీ పెద్దాయన, ఆయన కుటుంబం, మధ్యలో పళ్లెం నిండా ఞండు రోస్ట్. ఞండు అంటే మలయాళంలో పీత. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆయన నవ్వి నా వైపు పళ్లెం జరిపాడు. 'హనఫీ' అన్నాను. 'ఓహో' అని పళ్లెం వెనక్కి తీసుకుని, సర్వర్‌ను పిలిచి నాకు చేప చెప్పాడు. కేరళ మాప్పిళ్లలు, తమిళనాడులో కాయల్‌పట్నం, కీళక్కరై మరక్కాయర్లు, భట్కల్ నవాయతులు, కొంకణ్ ముస్లిములు, వీళ్లంతా ఎక్కువగా షాఫయీలు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నవాళ్ల పెద్దలు వచ్చిన హద్రమౌత్‌లోనూ అదే మస్‌లక్. తినేవాళ్లకు ఈ ఊర్లు పెద్ద సహూలత్. మందు లేని చోట, నమాజ్ జాగా ఉన్న చోట, ఫ్యామిలీతో కూర్చుని పీత తినగలిగే హోటళ్లు అక్కడ దొరుకుతాయి. ఆంధ్రా తీరంలో వెతికినంత కష్టం ఉండదు.

సింగపూర్, మలేషియా పోయేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. పీత హలాల్ అని నమ్మినా, అది వండిన సాస్ సంగతి వేరు. చైనీస్ వంటలో బియ్యపు సారాయి పోయడం మామూలే. సింగపూర్‌లో హలాల్ సర్టిఫికెట్ ఇచ్చేది ముయిస్ అనే ఇస్లామిక్ కౌన్సిల్, ఆ బోర్డు చూసి కూర్చోండి. బంబయిలో, గోవాలో కూడా బటర్ గార్లిక్ పీత చెప్పే ముందు 'ఇందులో వైన్ పోస్తారా' అని ఒక్క మాట అడగండి.

నిజాంపట్నం పందిరి కిందికి వద్దాం. పులుసు వచ్చింది. చింతపండు, ఉల్లిగడ్డ, మిరియాల ఘాటు. ఇంటావిడ ములక్కాడ కూడా వేసింది. అమ్మీ 'బిస్మిల్లా' అని చేయి పెట్టింది. ముందు కాళ్లు, తర్వాత మధ్య గది, డెక్కలు చివరికి. ఆ వరస తప్పకూడదట, డెక్క ముందు తింటే మిగతాది రుచించదట. డిప్పలో అంటుకున్న గుడ్డును అన్నంతో కలిపి నా కొడుకు నోట్లో పెట్టింది. వాడు నా వైపు చూశాడు. నేను పక్కకు చూశాను. ఆపా, ఇది నువ్వు చదివితే, ఇక్కడ నా మీద కోపం తెచ్చుకో, సరే. వాడికి పద్దెనిమిదేళ్లు, మసలా వాడికీ తెలుసు, ఏది అనుకుంటాడో వాడే అనుకోవాలి.

గంటన్నర తిన్నది అమ్మీ. మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "మా అన్న నల్గొండకి తెచ్చినవి ఇంతకంటే పెద్దవి."

లేచేటప్పుడు చేతులు కడుక్కుని, మిగిలిన రెండింటి పులుసు ఒక స్టీలు క్యారేజీలో పోయించింది. దాన్ని తీసుకెళ్లి బాపట్లలో మామూ మంచం పక్కన కూర్చుని తినిపించింది. మామూకు పళ్లు లేవు. కండ వేళ్లతో తీసి, ముళ్లేమైనా ఉన్నాయేమో చూసి చూసి పెట్టింది. ఆ ఫోటో నా కొడుకు తీయలేదు, గ్రూపులో లేదు.

ఆపా గ్రూపులోకి ఇంకా తిరిగి రాలేదు. బక్రీద్‌కు ఎప్పటిలాగే వాళ్లింటికే వెళ్తాం. ఏం వండిందో అదే తింటాం, ఝింగా ఉంటే ఇంకా మంచిది. అమ్మీ మాత్రం నిన్న క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టి, జూన్ 14 తర్వాత మొదటి అమావాస్య ఎప్పుడో చూడమంది.